బూడిదరంగు వేసి చూడండి

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. కంప్యూటర్ తెరల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేసి రిటైరైన త్సాయ్, ఆయన భార్య షూమే, కూతురు యీఛెన్, లాప్‌టాప్ తీసుకుపోవడానికి వచ్చిన మేనల్లుడు బోరుయ్.

కొడుకు మింగ్‌జె గోడమీద ఫోటోలో ఉన్నాడు.

తండ్రితో పోట్లాడి తైపే వెళ్లిపోయినవాడు జబ్బు సంగతి కూడా ఇంటికి చెప్పలేదు. వీళ్లు ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. చివరిదాకా ఒక అమ్మాయి పక్కనే ఉండి జావ తాగించిందనీ, తలమీది ఊలు టోపీ కూడా ఆమె అల్లిందేననీ నర్సు చెప్పింది. అప్పటినుంచి షూమే రోజూ అగరుబత్తి వెలిగించి, ఆ పిల్లని ఒక్కసారి చూపించమని కొడుకునే అడుగుతోంది.

కాల్చిన కాగితపు వస్తువు పోయినవాళ్లకి చేరుతుందని నమ్మకం, అందుకే సాయంత్రం మింగ్‌జె కోసం కాగితపు లాప్‌టాప్ కాల్చి పంపుతారు. వాడు వాడిన అసలుది బోరుయ్‌కి. అందులో ఉన్నదంతా త్సాయ్ చూడకుండానే తుడిచేశాడు.

అంతలో గుమ్మంలోకి ఒక అమ్మాయి వచ్చింది. జుట్టు నడినెత్తిన ముడివేసి పెన్సిల్ గుచ్చుకుంది. మింగ్‌జె స్నేహితురాలినంది. చూపు లాప్‌టాప్ మీదే ఉంది.

లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

బోరుయ్ లాప్‌టాప్‌ని దగ్గరికి లాక్కున్నాడు. "ఓఎల్‌ఈడీ తెర. రిజల్యూషన్ ఎంతంటే, బొమ్మలో వెంట్రుక కూడా విడిగా కనిపిస్తుంది. అందుకే స్నేహితులు పుట్టుకొస్తున్నారు మావయ్యా."

తనకది వద్దంది ఆ అమ్మాయి. తెరమీద ఒక మచ్చ ఉంది, ఒక్కసారి చూడమంది.

త్సాయ్ మొహం మాడిపోయింది. "జన్మంతా తెరల్లో మచ్చలే వెతికాను. తెలుపు, నలుపు, ఎరుపు, అన్నీ వేసి చూశాను. ఒక్క చుక్క చావలేదు, అన్నీ వెలుగుతున్నాయి. నువ్వు నాకు నేర్పుతావా?"

"మీ తెరలకి వెనకనుంచి వెలుగొస్తుంది బాబాయిగారూ. దీంట్లో ఏ చుక్కకా చుక్కే వెలగాలి. ఒకే బొమ్మ నెలల తరబడి ఉంటే ఆ చుక్కలు అలిసిపోతాయి. బొమ్మ చెరిపేసినా నీడ పోదు. వెలుతురు తగ్గించి బూడిదరంగు వెయ్యండి, కనిపిస్తుంది."

"ఏం బొమ్మ?" అంది షూమే.

ఆ అమ్మాయి తల దించుకుంది. "నేను చెబితే కల్పించాననుకుంటారు. మీరే చూడండమ్మా."

వస్తువుకి వంకపెట్టి కాజేసే రకాలు తనకి తెలుసన్నాడు త్సాయ్. బోరుయ్ నవ్వాడు.

"పిల్లాడి కోసం ఏడవడానికైనా వచ్చిందనుకున్నాను," అంది షూమే. "మచ్చలు ఎంచడానికొచ్చింది. పొమ్మనండి."

త్సాయ్ లేచి గుమ్మం వైపు నడిచాడు. ఆ అమ్మాయి ఒక్కో అడుగూ వెనక్కి వేసింది.

యీఛెన్ లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. వెలుతురు తగ్గించి, తెరంతా బూడిదరంగు పరిచింది.

మెల్లగా రెండు తలల నీడ తేలింది, ఊలు టోపీలో అన్నయ్యది ఒకటి, దానికి ఆనుకుని, నడినెత్తి ముడిలో పెన్సిల్ గుచ్చుకున్నది ఇంకొకటి. "అమ్మా" అని యీఛెన్ పిలిచేలోపే త్సాయ్ ఆ అమ్మాయి మొహంమీద తలుపు వేసేశాడు.