ఇరవై నిమిషాలు

భోజనం కాగానే మా అత్తగారు అలవాటుగా చక్కెర లేని చూయింగ్ గమ్ బిళ్ల నోట్లో వేసుకున్నారు. ఇవాళ నేను వేసుకోలేదు. ఆవిడ మూతి బిగించి నమిలే ఇరవై నిమిషాలూ నావే అనుకుని లంకించుకున్నాను.

“నన్నడక్కుండా నా బీరువా సర్దొద్దని ఎన్నిసార్లు చెప్పాలి మీకు? చెవులున్నాయా, లేవా?”

ఆర్నెల్ల కిందట ఈ గమ్ అలవాటు చేసింది నేనే. పళ్ల డాక్టరు దగ్గర నర్సుని కాబట్టి నా మాటకి విలువుంది. తిన్నాక ఇరవై నిమిషాలు నమిలితే లాలాజలం బాగా ఊరి పళ్లు పుచ్చిపోకుండా కాపాడుతుందన్నాను. అది నిజమే. నమిలేటప్పుడు మాట్లాడితే గుణం ఉండదని మాత్రం నేనే కలిపాను. కూరలో ఉప్పు దగ్గర మొదలుపెట్టి మా పుట్టింటిదాకా ఏకిపారేసే ఆ నోరు పూటకి కాసేపైనా మూతపడాలని. నమ్మించడానికి ఎదురుగా కూర్చుని నేనూ నమిలేదాన్ని.

అత్తగారు గమ్‌ని కాగితంలో ఉమ్మి, తాపీగా మడతపెట్టారు.

“మాట్లాడకూడదన్నది నువ్వు కల్పించిందేనని మొదటి వారమే మీ డాక్టర్ని అడిగి తెలుసుకున్నాను.”

నేను అడిగాను.

“మరి ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారు?”

“ఎదురుగా నువ్వూ నమిలేదానివిగా! నీ నోరు మూయించే మందు ఇంకోటి నాకు దొరకలేదు.”

గమ్ బిళ్లల పెట్టె నావైపు తోశారు.

“రెండు వేసుకో. ఇవాళ మరీ ఎక్కువ వాగావు.”