సీసం గ్రాంటు

“గ్రాంటు ఎంతొస్తాది మేడమ్?” తన ఇంటి ముందుగదిలో కుర్చీ ముందుకు జరుపుకుంటూ అడిగాడు సురేంద్రబాబు.

“ఇంటికి ఇంత అని లేదు సార్. గోడ మీద రంగులో సీసం ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువ. అది పిల్లల రక్తంలోకి కూడా ఎక్కి ఉంటే ఇంకా ఎక్కువ,” అంది రిహానా. “పేదోళ్లు అద్దెకుండే ఇళ్లకే ఇది. పాత రంగు గీకించి కొత్తది వేయించాల. మిగిలింది ఓనరుకే.”

సురేంద్రబాబు మొహం వెలిగింది.

ఉదయగిరిలో ఆయనకు ఒకే వరసలో ఆరు అద్దె ఇళ్లున్నాయి. ఒక్కో గది, ముందు చిన్న వసారా. ఆటో తోలేవాళ్లు, మేకలు మేపేవాళ్లు, చెక్క చెంచాలు చెక్కేవాళ్లు ఉంటారు. తలుపులకూ కిటికీలకూ, గోడలకు నడుమెత్తు దాకా ఆకుపచ్చ రంగు. పేరూ ఊరూ లేని డబ్బాల్లో చవగ్గా దొరికే రకం. పాతదాని మీదే మళ్లీ మళ్లీ కొట్టిస్తాడు. అది పెచ్చులు పెచ్చులుగా రాలుతూనే ఉంటుంది.

ఆయన రిహానాను గుర్తుపట్టలేదు. ఎనిమిదేళ్ల కిందట మూడో గదిలో అద్దెకున్నప్పుడు ఆమె బురఖాలో ఉండేది. ఇప్పుడు కళ్లజోడు, చేతిలో ఫైలు. పేరు కూడా అడగకుండానే మేడమ్ అనేశాడు.

ఆ మూడో గదిలోనే ఆమె కొడుకు సాదిక్ నడక నేర్చాడు. కిటికీ ఊచలు పట్టుకుని నిలబడేవాడు. రాలిన పెచ్చులు ఏరి నోట్లో పెట్టుకునేవాడు. మొదట కడుపునొప్పి వచ్చింది. తర్వాత ఫిట్స్. చెన్నైలో డాక్టరు రక్తం పరీక్ష చేయించి, సీసం అన్నాడు. ఆ కాగితం పట్టుకుని ఆమె ఈ ఇంటికే వచ్చింది. మావాడికి జరగాల్సింది జరిగిపోయింది, మిగతా పిల్లల కోసమన్నా ఆ రంగు గీకించమని బతిమాలింది.

“రంగు నాకితే జబ్బొస్తాదా? మీ వంశంలోనే ఉండాదేమో చూసుకో, పో,” అన్నాడు సురేంద్రబాబు. ఆ సాయంత్రానికి ఆమె సామానంతా రోడ్డు మీద ఉంది.

సాదిక్‌కి ఇప్పుడు పదేళ్లు. తన పేరు తాను పలకలేడు.

“ఏమేం కావాలో చెప్పండి మేడమ్. అన్నీ నేను చూసుకుంటా.”

ఆమె చెప్పింది. ఆయన పరుగులు పెట్టాడు. ఆరు ఇళ్లలోని తొమ్మిదిమంది పిల్లల్ని వ్యాన్ ఎక్కించి నెల్లూరు తీసుకెళ్లి రక్తపరీక్షలు చేయించాడు. ఏ ఇంటి పెచ్చులు ఆ ఇంటి కవర్లో పోసి ల్యాబుకు పంపించాడు. రంగు కొన్న పాత బిల్లులు అటక మీద నుంచి దింపాడు. రంగు కొట్టిన సిద్ధయ్యను వింజమూరు నుంచి పిలిపించి సాక్షి సంతకం పెట్టించాడు.

రిపోర్టులు వచ్చిన రోజు ఆయనే ఫోన్ చేశాడు. “ఏడుగురు మేడమ్! ఏడుగురికి ఉండాది!” పరీక్ష పాసైనవాడి గొంతు అది.

రిహానా ఆ ఏడుగురి పేర్లూ వయసులూ అడిగి రాసుకుంది.

మర్నాడు ఆమె ఉదయగిరి వెళ్లేసరికి మూడో గది ముందు ఆదిశేషమ్మ అడ్డంగా నిలబడింది. రెండేళ్ల కిందట మర్రిపాడు నుంచి వచ్చి ఆ గదిలో దిగిన ముసలామె. ఆ ఏడుగురిలో ఒకతె ఆమె మనవరాలు గోపిక.

“మా బిడ్డల నెత్తురు చూపించి వాడి జేబు నింపుతావా? నీ కడుపున బిడ్డల్లేరా?”

“ఉండాడవ్వా,” అంది రిహానా. ఆమెను తప్పుకుని సురేంద్రబాబు ఇంట్లోకి నడిచింది.

“చివరిది ఇదొక్కటే సార్. రంగులో సీసముందని మీకు ఎప్పటి నుంచి తెలుసో మీ చేత్తోనే రాయాల. ఎంత ముందు తెలిసుంటే లిస్టులో అంత ముందుంటారు.”

“అట్లయితే మనమే ఫస్టు,” నవ్వాడాయన. “ఎనిమిదేళ్ల కిందటే ఒకామె డాక్టరు కాగితం తెచ్చి చూపించింది.”

“రాయండి. తర్వాత మీరేం చేసినారో కూడా.”

“ఏముండాది, ఖాళీ చేయించినాను. మళ్లా అదే రంగు కొట్టించినాను.”

“అదే రాయండి.”

వరస తప్పకుండా రాశాడు. ఒకచోట పెన్ను ఆగింది. “ఆమె పేరేందో గుర్తు రాలేదే.”

మజ్జిగ గ్లాసుతో వచ్చిన ఆయన భార్య దేవకమ్మ, “రిహానా. బిడ్డ పేరు సాదిక్,” అంది. ఆ మాట అంటూనే ఎదురుగా కూర్చున్న మనిషి కళ్లలోకి చూసింది.

దేవకమ్మ గుర్తుపట్టింది. మొగుడి వైపు ఒకసారి చూసింది. గ్లాసు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

సురేంద్రబాబు రెండు పేర్లూ రాసి, కింద పొడుగ్గా సంతకం చేశాడు. గేటు దాకా వచ్చి సాగనంపాడు.

“మీ మేలు మర్చిపోను మేడమ్.”

“మర్చిపోలేరులెండి సార్,” అంది రిహానా.

ఆత్మకూరు బస్సులో ఆమె ఆ ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కిటికీ పక్క సీటు దొరికినా బయటకు చూడలేదు.

కోర్టు ఎదురుగా ఉన్న ఆఫీసులో లాయరు రామనారాయణ ఆ కాగితాలన్నీ రెండుసార్లు చదివి, కేసు వేయడానికి ఇంక ఒక్క ముక్క కూడా తక్కువ లేదని చెప్పి, ఇంతకీ ఈ గ్రాంటు పథకం ఏ ప్రభుత్వం పెట్టిందమ్మా అని అడిగితే, “ఏ ప్రభుత్వమూ పెట్టలేదు సార్, నేనే పెట్టినాను,” అంది రిహానా.