రోజూ చెప్పే మాట

మెట్కోవిచ్‌లో తెలుగు ముక్క తెలిసినవాడు అవనిగడ్డ నాంచారయ్య ఒక్కడే. క్రొయేషియా అంచున, బోస్నియా సరిహద్దుకు ఆనుకున్న చిన్న ఊరది. దివిసీమలో లాగే ఏరుంది, లంకలున్నాయి, పలకరించే మనిషే లేడు. చీకటిపడ్డాక కమలాపళ్ల గోదాముకు తాళం వేసేది అతనే. ఇంటి అలవాటు పోక, రోజూ ఆ చీకటికే "వెళ్లొస్తా" అని చెప్పి వచ్చేవాడు. చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు గనక!

ఇవాళ ఆఖరి రోజు. ఫోనులో భార్య తొందరపెట్టింది.

"తాళం వేసేసి బయల్దేరండి. మళ్లీ ఆ ఊరి మొహం చూడక్కర్లేదు."

ఫోను జేబులో పెట్టుకుని లోపలంతా ఓసారి చూశాడు. ఖాళీ బుట్టలు తప్ప ఏమీ లేవు. తలుపు మూసి తాళం వేశాడు. ఇక రానవసరం లేదు గనక, కావాలనే "వెళ్తున్నా" అన్నాడు.

సరిహద్దు దీపాల వైపు మొరుగుతున్న కుక్క టక్కున ఆగిపోయింది.

మూసిన తలుపుకు అవతల, చెవి పక్కనే ఉన్నట్టు, అచ్చం దివిసీమ మాటతీరులో ఎవరో మెల్లగా అన్నారు.

"తప్పు నాన్నా, అలా అనకూడదు. రోజూ చెప్పినట్టే, వెళ్లొస్తానని చెప్పు."