ప్రొపెల్లర్ మీద నిలబడ్డ విమానం

విద్యావతి ఎగరేస్తున్న రిమోటు విమానం మళ్ళీ పక్కకు ఒరిగింది. విజయభాస్కర్ భార్య చెంప ఛెళ్ళుమనిపించాడు.

"ముక్కు పైకెత్తి, ప్రొపెల్లర్ మీద గాల్లో కదలకుండా నిలబెట్టాలి, అంతేగా? ఆదివారం పోటీకి నీ పేరిచ్చాను. ఈ క్రెయిగీబర్న్ ఊళ్ళో ఉన్న మన తెలుగువాళ్ళంతా వస్తారు. నా పరువు తీస్తావా?"

"కొట్టకండి. చేతులు వణుకుతున్నాయి."

"ఉండు, ఆ వణుకు నేను దింపుతా."

కారు డిక్కీలోంచి క్రికెట్ బ్యాటు తీసుకుని వస్తున్నాడు.

విద్యావతి విమానాన్ని కిందికి దించలేదు. అతనికి అడ్డంగా తెచ్చి ముక్కు పైకెత్తింది. అది అతని ఛాతీ ఎత్తున నిటారుగా నిలబడి గర్జించింది. అతను పక్కకు జరిగితే అదీ జరిగింది. బ్యాటు ఎత్తబోయాడు. ప్రొపెల్లర్ అంచు తగిలి మోచెయ్యి చీరుకుపోయింది. బ్యాటు జారిపడింది.

"చంపుతావా ఏంటే? దింపు దాన్ని."

"కారు తాళాలు ఇటు విసరండి."

తాళాలు ఆమె కాళ్ళ దగ్గర పడ్డాయి. రక్తం కారుతున్న చెయ్యి పట్టుకుని అతను విమానం వంక చూశాడు. అది కొంచెమైనా ఒరగడం లేదు.

"ఇలా నిలబెట్టడం నీకెప్పుడొచ్చింది?"

విద్యావతి వేళ్ళు వణకడం లేదు. ఆ సంగతి ఆమెకూ అప్పుడే తెలిసింది.

"ఇప్పుడే. మీరు నా మీద చెయ్యి వెయ్యలేనంత దూరంలో నిలబడ్డాక వచ్చేసింది."