ఇంటి పెద్ద వేషం

“వానొచ్చేలా ఉంది. ఇవాళ వద్దులే,” అన్నాడు అనాదినాథ్.

“ఎండ మాడ్చేస్తుంటే వానేమిటండీ?” సురమ అద్దంలోంచే భర్తను కసిరింది. “మీ సినిమా వచ్చిందని వీధంతా చెప్పుకున్నాను. పక్కింటి ఝర్నా వాళ్ళ అత్తగారిని కూడా తీసుకొస్తోంది. ఇప్పుడు మానేస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?”

ఒకప్పుడు నాటకంలో అతను నోరు తెరిస్తే చివరి వరసలో చాయ్ అమ్మేవాడు కూడా ఆగిపోయేవాడు. ఆ నాటకాల హాలు గోదామై చాలాకాలమైంది. ఇప్పుడు ఇంట్లో సురమ కుట్టుమిషన్ చప్పుడే వినిపిస్తోంది. చేపల బజారులో ఎవరైనా “మీ ఆయన ఏం చేస్తున్నారు?” అని అడిగితే ఆమె తలొంచుకుని చేపల మొప్పలు ఎత్తి చూసేది. ఈ సినిమా మాట విన్నాకే తలెత్తింది.

“ఇంతకీ వేషమేమిటో చెప్పనేలేదు మీరు.”

“పెద్ద జమీందారీ ఇల్లు. ఆ ఇంటి పెద్దని.”

“అబ్బో! మాటలు బాగా ఉన్నాయా?”

“ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కానీ ఇంట్లో ఎవరూ నాకు దణ్ణం పెట్టకుండా గడప దాటరు.”

“ఇక్కడా అలాగే అనుకునేరు!” ఆమె పకపకా నవ్వింది. “అయినా సినిమా వాళ్ళొచ్చి అడిగినప్పుడు, మీరు నవ్వుతున్న ఫోటో ఏరి ఇచ్చింది నేను. వేషం దాంతోనే వచ్చింది, గుర్తుంచుకోండి.”

అతను నవ్వలేదు. సిందూరం బరిణె తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

“పాపిట్లో ఇంకాస్త పెట్టుకో. దట్టంగా.”

“ఈ వయసులో ఏం సరసాలండీ!” అంటూనే పెట్టుకుంది. చేతికి ముత్తైదువ గుర్తైన శంఖపు గాజులు సర్దుకుంది.

సినిమా హాల్లో సురమ ఝర్నాకీ, వాళ్ళ అత్తగారికీ మధ్య కూర్చుంది. అనాదినాథ్ వరస చివర, తలుపు పక్క కుర్చీలో సర్దుకున్నాడు. ఇంటర్వెల్ కూడా అయిపోయింది.

“అన్నయ్యగారు ఇంకా రారేం, వదినా?” ఝర్నా గుసగుసలాడింది.

“పెద్ద వేషం కదమ్మా. ఊరికే ముందే వచ్చేస్తారా?”

తెర మీద కొడుకు పట్నం బయలుదేరుతున్నాడు. తెల్లచీరలో ఉన్న తల్లి కాళ్ళకు మొక్కబోయాడు. “నాకు కాదు, ముందు నాన్నగారికి,” అందామె. కొడుకు అటు తిరిగి చేతులు జోడించాడు.

“అదుగో మా ఆయన!” సురమ గట్టిగా అరిచింది.

ముందు వరసల్లో తలలు వెనక్కి తిరిగాయి. ఝర్నా అత్తగారు తెర వదిలేసి, చీకట్లో సురమ పాపిట వైపు వంగి చూసింది. “దుర్గా, దుర్గా,” అనుకుంది.

సురమ చప్పట్లకని ఎత్తిన చేతులు గాలిలోనే ఆగిపోయాయి. అతని కోసం చూసింది. తలుపు పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

తెర మీద, ఆమె ఏరి ఇచ్చిన ఫోటోకి పూలదండ వేసి ఉంది.