వంటింట్లో విదేశాంగ మంత్రి

పార్లమెంటు ప్రశ్నోత్తరాలు ఇంటింటికీ వచ్చాక, విదేశాంగ మంత్రి రోజూ పొద్దున పోసవ్వ వంటింటి గోడ మీద కనిపించి, ఆమె ప్రశ్నకు జవాబు చెప్పేవాడు.

"మస్కట్‌లో తప్పిపోయిన మీ భర్త బుచ్చిమల్లు గారి పాస్‌పోర్టు ఏ దేశంలోనూ ఇంకా కనిపించలేదమ్మా."

బియ్యం కడుగుతూ ఆమె తలూపేది. పదకొండేళ్లుగా అదే జవాబు. ఆ ఇంట్లో ఆ పేరు పలికేది మంత్రి ఒక్కడే. పెనిమిటి పేరు పోసవ్వ ఎన్నడూ నోట పలకలేదు.

ఇవాళ గోడ మీద కొత్త మంత్రి కనిపించాడు.

"ప్రభుత్వం మారింది. పాత ప్రశ్నలన్నీ రద్దయ్యాయి. మీ భర్త పేరు చెప్పండమ్మా."

"పాత సారుకు ఎరుకే గద. అప్పుడు కాయితం జూపెట్టిన."

"ఇప్పుడు పేరు నోటితో చెబితేనే ప్రశ్న నమోదవుతుంది."

పోసవ్వ స్టవ్ ఆపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మెల్లగా, "బుచ్చిమల్లు" అంది.

"వినపడలేదమ్మా," అన్నాడు మంత్రి. "మళ్లీ చెప్పండి."