నిదానంగా లాగేవాళ్ళు

మా బట్టల మిల్లులో గంజికి పిండి కలిపే తొట్టి ఉంది. ఉడకబెట్టక ముందు ఆ చిక్కటి పిండిని మెల్లగా కదిపితే నీళ్ళలా దారిస్తుంది. గుంజితే రాయైపోతుంది. కొత్తవాళ్ళకు మేము ముందుగా చెప్పేది ఇదే.

ఆ రాత్రి మోటారు ఆపాక మా బావమరిది చేతిలోని రెంచి తొట్టిలో పడింది. వద్దంటున్నా వినకుండా వంగి, భుజం దాకా చెయ్యి పెట్టాడు. ఏం తగిలిందో, ఉలిక్కిపడి గుంజుకున్నాడు. పిండి బిగుసుకుంది.

"బావా, పట్టేసింది!"

"మీ అక్క కేకేసినట్టు అదిరిపడకురా. చెయ్యి వదులుగా ఉంచు. రాయి మళ్ళీ నీళ్ళవుతుంది. అప్పుడు నిదానంగా తియ్యి."

అలాగే చేశాడు. మోచెయ్యి బయటికొచ్చింది. అక్కడ ఆగింది. నేను చూస్తుండగానే మళ్ళీ మెల్లగా లోపలికి దిగింది.

"వేళాకోళమా?" అన్నాను.

"నేను కాదు బావా. లోపల ఎవరో నా వేళ్ళు పట్టుకున్నారు. గుంజితే రాయవుతుందని వాళ్ళకూ తెలుసు. నిదానంగా లాగుతున్నారు."

వాడి నడుము పట్టుకున్నాను. గట్టిగా గుంజడానికి లేదు.

వాడి గడ్డం పిండికి తగిలింది.